బంతి కోసం బాంబు వెతికే జాగిలం

విశాఖపట్నంలో రాత్రి రైలెక్కి, కేకే లైన్ మీద అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటుకుంటూ పోతే, ఆఖరి స్టేషన్ కిరండూల్‌కి ఒక్క స్టేషన్ ముందు బచేలి వస్తుంది. పక్కనే ఎద్దు మూపురంలా లేచిన కొండలు. బైలాడిలా అన్న పేరుకి అర్థమే అది. ఆ మూపురంలో ఉన్నదంతా ఇనుప ఖనిజం. బచేలి వైపు గని 1977లో మొదలైంది. ఆ గని నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో, ఖనిజం దిగే రేవు విశాఖలో. మధ్యలో ఉన్న ఈ టౌన్‌షిప్‌లో తెలుగు వినపడటంలో వింతేమీ లేదు. మా బాబాయి ఉద్యోగం ఇక్కడే. నేను కుక్కల శిక్షణ గురించి చదవడం మొదలుపెట్టింది ఆయన క్వార్టర్లోనే, ఆయన కుక్క పుణ్యమా అని.

ముందు వేరే కుక్క సంగతి చెప్పాలి. ఈ ప్రాంతంలో భద్రతా దళాలవాళ్ళు అప్పుడప్పుడు జాగిలాల ప్రదర్శన పెడతారు. ఒకసారి చూశాను. మైదానంలో వరసగా పెట్టెలు, సంచులు. వాటిలో ఒకదానిలో పేలుడు పదార్థం నమూనా. జాగిలం పొడవాటి తాడు చివర ముక్కు దించి, ఒక్కో పెట్టెనీ అర సెకను పలకరిస్తూ పోయింది. అయిదో ఆరో సంచి దగ్గర ఆగింది. మొరగలేదు, గోకలేదు, పళ్ళతో లాగలేదు. టక్కున కూర్చుని హ్యాండ్లర్ ముఖంలోకి చూసింది. ఆయన జేబులోంచి బంతి తీసి విసిరాడు. అంతవరకు సైనికుడిలా ఉన్నది కాస్తా బంతి నోట కరుచుకుని చిన్నపిల్లలా మైదానమంతా గంతులేసింది.

కూర్చోవడానికి కారణం తేలిగ్గానే ఊహించవచ్చు. గోకితే పేలుతుంది. అందుకే మందుపాతర వెతికే జాగిలానికి కదలకుండా కబురు చెప్పడం నేర్పుతారు. బంతి సంగతి అంత తేలిగ్గా తట్టదు. ఆ జాగిలానికి బాంబంటే ఏమిటో తెలియదు, దేశమంటే తెలియదు. దానికి తెలిసింది ఒకటే: ఈ వాసన దొరికితే ఆ మనిషి జేబులోంచి బంతి వస్తుంది. శిక్షణ మొదట్లో వాసననీ బంతినీ జత కడతారు. వాసన ఉన్న డబ్బా దగ్గరికి ముక్కు పోగానే బంతి. వాసన లేని డబ్బా దగ్గర ఏమీ ఉండదు. కొన్నాళ్ళకి ముక్కు పోయినా చాలదు, కూర్చోవాలి, అప్పుడే బంతి. తర్వాత డబ్బాలు పోయి గదులొస్తాయి, గదులు పోయి రోడ్లొస్తాయి, కల్వర్టులొస్తాయి. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై అరవై లక్షలైతే కుక్క ముక్కులో ఇరవై కోట్లకి పైమాటే. ఆ ముక్కుని మనం తయారుచెయ్యలేదు. దాన్ని మన పనికి అద్దెకి తీసుకున్నాం, అద్దె ఒక బంతి.

బచేలి ఉన్న బస్తర్‌లో ఈ అద్దె విలువ ఎంతో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2006 ఫిబ్రవరిలో బైలాడిలా కొండల్లోని హిరోలి దగ్గర, గని పనికి దాచిన పేలుడు పదార్థాల గోదాము మీద మావోయిస్టులు దాడి చేశారు. ఎనిమిదిమంది సీఐఎస్ఎఫ్ జవాన్లు చనిపోయారు, టన్నులకొద్దీ పేలుడు పదార్థం అడవిలోకి పోయింది. కొండని పగలగొట్టాల్సిన మందు రోడ్ల కిందికి చేరే ఊళ్ళో కుక్క ముక్కే ఆధారం. సీఆర్‌పీఎఫ్ తన జాగిలాలని బెంగళూరు దగ్గర తరళు అనే చోట పెంచి, శిక్షణ ఇస్తుంది. 2011లో పెట్టిన బడి అది. ఎక్కువగా బెల్జియన్ మాలినోయిస్ జాతి. అక్కడ చదువుకున్న రోలో అనే రెండేళ్ళ జాగిలం 2025 ఏప్రిల్ 27న, తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల్లో గాలింపు జరుగుతుండగా, తేనెటీగలు ముసిరి కుట్టడంతో చనిపోయింది. సుమారు రెండువందల కాట్లు. బాంబులని పసిగట్టే ముక్కుకి కూడా తేనెతుట్టె ఎప్పుడు కదులుతుందో తెలియదు.

ఇక బాబాయి కుక్క.

ల్యాబ్, అంటే లాబ్రడార్. పది నెలల వయసు, ముప్ఫై కిలోల బరువు, ఇంటికి ఎవరొచ్చినా ఛాతీ మీదికి రెండు కాళ్ళూ ఎత్తే అభిమానం. సైకిళ్ళు కనపడితే మాత్రం గొలుసు తెంపుకునేలా మొరిగేది. ఎవరో చెప్పగా ఒక ట్రైనర్ని పిలిచారు. ఆయన వస్తూనే అన్న మాట: "సార్, నాది పోలీస్ ట్రైనింగ్." ఆ మాటకి బాబాయి కరిగిపోయాడు. జాగిలాలు కళ్ళముందు తిరిగే ఊళ్ళో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? ట్రైనర్ దాని మెడ బెల్టు తీసేసి, లాగితే బిగుసుకునే చోక్ చైన్ వేశాడు. సైకిల్ వచ్చినప్పుడల్లా ఒక్క గుంజు. రెండు వారాల్లో కుక్క మొరగడం మానేసింది. కూర్చోమంటే కూర్చునేది. బాబాయి ఫోన్లో వీడియో పంపాడు, గర్వంగా. మెడ వంచి, చెవులు వెనక్కి అతుక్కుని, తోక కాళ్ళ మధ్యకి దోపుకుని కూర్చుంది. నాలుకతో ముక్కు నాకుతోంది. వేసవి కూడా కాదు.

"కుక్క తోక వంకర" అని సామెత చెప్పుకునేవాళ్ళం, ఆ తోకని చూడటం మాత్రం నేర్చుకోలేదు.

మూడో వారం పక్కింటి పిల్లవాడు సైకిల్ దిగి దగ్గరికి వస్తే, గుర్రుమనకుండా, మొరగకుండా, నేరుగా చేతిని పట్టుకుంది. చర్మం గీరుకుంది, అంతే. రేబిస్ టీకాలన్నీ వేయించి ఉండటం ఒక అదృష్టం. అయినా పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, గాయం కడిగించారు, సూది వేయించారు. పిన్ని ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇందులో ఏం జరిగిందో చెప్పడానికి నూరేళ్ళ పైబడిన శాస్త్రం ఉంది. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి, గొళ్ళెం లాగితే తలుపు తెరుచుకునే ఏర్పాటు చేశాడు. పిల్లి ముందు పెట్టెంతా గోకేది. ఏదో ఒకసారి గొళ్ళెం తగిలి తలుపు తెరుచుకునేది. మళ్ళీ పెట్టినప్పుడల్లా ఆ పని కాస్త తొందరగా చేసేది. మంచి ఫలితమిచ్చిన పని నిలుస్తుంది, ఇవ్వనిది రాలిపోతుంది. బి.ఎఫ్. స్కిన్నర్ తర్వాత దాన్ని పెద్ద శాస్త్రంగా కట్టాడు. ఆయన శిష్యులు కెల్లర్ బ్రెలాండ్, మరియన్ బ్రెలాండ్ దంపతులు ప్రయోగశాల వదిలి, జంతువులకి పనులు నేర్పడమే వ్యాపారంగా పెట్టుకున్నారు. దూరంగా ఉన్న జంతువుకి "అదే, ఆ పనే" అని ఆ క్షణానే చెప్పడానికి ఒక శబ్దం కావాలని కనిపెట్టింది వాళ్ళే. ఇవాళ ట్రైనర్లు వాడే క్లిక్కర్ అనే టిక్కుటిక్కు డబ్బీ వెనక ఉన్నది ఆ ఆలోచనే.

క్షణం అన్న మాట ఊరికే అనలేదు. ఫలితం పనికి ఒకటి రెండు సెకన్లలో అందకపోతే కుక్క దాన్ని మరో పనికి అంటగడుతుంది. మనం సాయంత్రం ఇంటికి వచ్చి, పొద్దున ఎప్పుడో తడిపిన చాపని చూపించి తిడతాం. కుక్క తల దించుకుంటుంది. "చూశావా, తప్పు తెలుసు దానికి" అంటాం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ పద్నాలుగు పెంపుడు కుక్కల మీద దీన్ని పరీక్షించింది. తినవద్దన్న బిస్కెట్‌ని కుక్క తిన్నా తినకపోయినా, యజమానికి కొన్నిసార్లు తినేసిందనీ, కొన్నిసార్లు తినలేదనీ చెప్పించింది. ఆ "తప్పుచేసిన ముఖం" తిన్నదా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, తిట్లు పడ్డాయా లేదా అన్నదాన్ని బట్టి వచ్చింది. అది మన కోపానికి అద్దం, పశ్చాత్తాపం కాదు.

బాబాయి కుక్క విషయానికొస్తే, ట్రైనర్ నేర్పదలచుకున్నది "మొరిగితే నొప్పి". కుక్క నేర్చుకున్నది "సైకిల్ వస్తే మెడ నొప్పి". అంతకుముందు సైకిల్ అంటే దానికి గాభరా మాత్రమే ఉండేది. ఇప్పుడు గాభరాకి రుజువు దొరికింది. పైగా మొరిగితే, గుర్రుమంటే దెబ్బ పడుతుంది కాబట్టి హెచ్చరిక మానేసింది. కుక్క గుర్రుమనడం మర్యాద. "దగ్గరికి రాకు" అని చెప్పడానికి దానికున్న మంచి భాష అది. ఆ భాషని కొట్టి మాన్పిస్తే మిగిలేది పళ్ళు.

మన వాళ్ళకి ఇది తెలియని సంగతేమీ కాదు. నన్నయ తెలుగు భారతం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవశుని సరమ కొడుకు ఆడుకుంటూ వస్తే, రాజు తమ్ముళ్ళు కొట్టి తరుముతారు. అది ఏ తప్పూ చెయ్యలేదు. సరమ వచ్చి అడుగుతుంది, జవాబు రాదు. అనుకోని భయాలు మీద పడతాయని చెప్పి పోతుంది. భారతమంత కథ కుక్కకి పడిన అకారణపు దెబ్బ దగ్గర మొదలైందని చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెబితే నవ్వుకున్నాం. హెచ్చరిక లేకుండా చెయ్యి పట్టుకున్న ఆ ల్యాబ్ గురించి విన్నాక నవ్వు రాలేదు.

"పోలీస్ ట్రైనింగ్" అనే బోర్డు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ ట్రైనర్ పూర్తిగా అబద్ధమాడలేదు. జర్మన్ పోలీసు అధికారి కోన్రాడ్ మోస్ట్ 1910లో కుక్కల శిక్షణ మీద పుస్తకం రాశాడు. ఆ పద్ధతిలో బలవంతానికి పెద్ద పీట. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైన్యం కుక్కలకి నేర్పినవాళ్ళలో చాలామంది యుద్ధాలయ్యాక ఇళ్ళలోని కుక్కలకి గురువులయ్యారు. గొలుసు కూడా వాళ్ళతోపాటే ఇళ్ళలోకి వచ్చింది. అంటే పాత పోలీసు పద్ధతి నిజంగానే మొరటుది. కానీ కొట్టి కూర్చోబెట్టవచ్చేమో గాని, కొట్టి వాసన చూపించలేం. కుక్కకి ఏ వాసన వచ్చిందో మనకి తెలియదు, వచ్చినా చెప్పమని మనం బలవంతం చెయ్యలేం. చెప్పాలని దానికే అనిపించాలి. అందుకే ముక్కు పనిలో బంతి గెలిచింది.

బెల్జియం సైన్యంలో 33 కుక్క–హ్యాండ్లర్ జంటలని గమనించిన హావెర్‌బెకె బృందం 2008లో ప్రచురించిన సంగతి ఇక్కడ చెప్పుకోదగ్గది. పనిలో వెనకబడిన కుక్కలే ఎక్కువ గుంజులూ దెబ్బలూ తిన్నవి. కొట్టినందుకు పని చెడిందా, పని చెడినందుకు కొట్టారా అన్నది ఆ ఒక్క అధ్యయనం తేల్చదు. కొట్టడం వల్ల ముందుకొచ్చిన దాఖలా మాత్రం అందులో లేదు.

బలవంతాన్ని సమర్థించడానికి వాడే పెద్ద మాట ఇంకొకటి ఉంది: "మీరే ఆల్ఫా అని దానికి తెలియాలి." మీ ట్రైనర్ నోట ఈ ముక్క వస్తే టీ ఇచ్చి పంపించెయ్యండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్ళని చూసి, గుంపులో పైచేయి కోసం పోట్లాటలు జరుగుతాయని రాశాడు. ఒకదానికొకటి సంబంధంలేని తోడేళ్ళని ఒకే దొడ్లో పెడితే పోట్లాడుకోక ఏం చేస్తాయి? తోడేళ్ళ మీద 1970లో పుస్తకం రాసి ఈ ఆలోచనని జనంలోకి తీసుకెళ్ళిన డేవిడ్ మీచ్, తర్వాత అడవిలో ఏళ్ళతరబడి చూసి, 1999లో తానే దిద్దుకున్నాడు. అడవి తోడేళ్ళ గుంపంటే అమ్మ, నాన్న, పిల్లలు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తని అడిగాడు. శాస్త్రజ్ఞుడు మార్చుకున్న మాటని ట్రైనర్లు ఇంకా మోస్తున్నారు. కుక్కని వెల్లకిలా పడేసి మీద వంగి అదిమిపెట్టడం ఆ మాట పుట్టించిన విన్యాసమే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెఘన్ హెరన్ బృందం 2009లో ప్రచురించిన సర్వేలో, ఆ విన్యాసం చేసిన యజమానుల్లో 31 శాతం మందికి కుక్క ఎదురు తిరిగింది. కొట్టినా తన్నినా 43 శాతం. అప్పటికే ఏదో ఒక సమస్యతో వైద్యుల దగ్గరికి వచ్చిన కుక్కలవి. మనం ట్రైనర్ని పిలిచేది కూడా అలాంటి కుక్కకే కదా.

నాకు బాగా నచ్చిన ప్రయోగం పోర్చుగల్‌ది. ఆనా కటరీనా వియేరా డి కాస్ట్రో బృందం 2020లో ప్రచురించింది. రకరకాల శిక్షణ బడులకి వెళ్తున్న 92 పెంపుడు కుక్కల్ని తీసుకున్నారు. శిక్షణ సమయంలో వీడియో తీశారు, ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. అది ఒత్తిడిని చెప్పే రసాయనం. గుంజుడు, అరుపుల బడుల కుక్కల్లో అది పెరిగింది. ఆవలింతలు, పెదవులు నాకడం, ఒదిగిపోవడం ఎక్కువ కనిపించాయి. దీనికి మించి ఇంకొక పరీక్ష పెట్టారు. గదిలో ఒక వైపు పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో వైపు పెట్టిన గిన్నె ఎప్పుడూ ఖాళీ. ఇది కుక్కకి బాగా అలవాటయ్యాక గిన్నెని మధ్యలో పెడతారు. ఉందో లేదో తెలియదు. ఉంటుందని ఆశపడే కుక్క పరిగెడుతుంది, ఉండదులే అనుకునేది కాళ్ళీడుస్తుంది. ఎక్కువ శిక్షలు పడే బడి కుక్కలు ఆ మధ్య గిన్నె వైపు నెమ్మదిగా నడిచాయి. అప్పుడు వాటి ముందు ట్రైనర్ లేడు, గొలుసు లేదు. బడి అయిపోయాక కూడా నిరాశ వాటి కాళ్ళలోనే ఉంది.

కరెంటు బెల్టుల సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మెడకి షాక్ కొట్టే ఈ పట్టీలని వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. గొర్రెల వెంటపడే కుక్కల మీద లింకన్ విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలో, బహుమతితో నేర్పినదానికంటే షాక్‌తో ఒరిగిన అదనపు లాభమేమీ కనపడలేదు. మన దగ్గర ఇవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ట్రైనర్ సంచిలో ఉందేమో అడగండి.

మన దేశంలో కుక్కల ట్రైనర్ అని చెప్పుకోవడానికి పరీక్ష పాసవాలన్న చట్టం లేదు. మంగలి కత్తిపట్టడానికి ఎవరి దగ్గరో కూర్చుని నేర్చుకుంటాడు. దీనికి అదీ అక్కర్లేదు, ఒక ఫోన్ నంబరు చాలు. జంతువుని కొట్టి హింసించడం 1960 చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అచ్చుతప్పు కాదు. కాబట్టి వడపోత బాధ్యత పూర్తిగా మనదే.

మొదటి ప్రశ్న సూటిగా వెయ్యాలి: "నా కుక్క సరిగ్గా చేస్తే మీరేం చేస్తారు?" ఆ వెంటనే, "తప్పు చేస్తే ఏం చేస్తారు?" మొదటిదానికి తడుముకుని, రెండోదానికి ఉత్సాహంగా జవాబు చెప్పేవాణ్ణి వద్దనుకోవచ్చు. "దారిలో పెడతాం", "కరెక్షన్ ఇస్తాం", "ఎనర్జీ మారుస్తాం" లాంటి మెత్తని మాటల మీద ఆగకండి. చేత్తో ఏం చేస్తారో చూపించమనండి, ముందు తన చేతి మీద. తప్పు చేస్తే ఏం చెయ్యాలన్నదానికి మంచి ట్రైనర్ ఇచ్చే జవాబు చప్పగా ఉంటుంది. పని ఎక్కువ కష్టంగా ఇచ్చానేమో చూసుకుంటా, దూరం పెంచుతా, తేలిక చేసి మళ్ళీ అడుగుతా అంటాడు. చోద్యమేమీ లేని ఆ మాటలే మీరు డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు.

తర్వాత, ఆయన వేరే కుక్కలకి నేర్పుతుంటే చూడనివ్వమనండి. సొంత కుక్కతో చేసే విన్యాసాలు చూసి మోసపోకూడదు. అది ఆయనతో ఏళ్ళుగా కాపురం చేసింది. కుక్కలు మన కనురెప్పలు చదువుతాయి. 1900ల మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని ఊరంతా నమ్మారు. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ 1907లో పరీక్షించి, అది లెక్క చెయ్యడం లేదనీ, అడిగేవాడి తల కదలికని చూసి గిట్ట కొట్టడం ఆపుతోందనీ తేల్చాడు. 2011లో కాలిఫోర్నియాలో లీసా లిట్ బృందం 18 మంది జాగిలాల హ్యాండ్లర్లకి ఒక గుర్తు చూపించి, అక్కడ వాసన దాచామని చెప్పింది. నిజానికి ఎక్కడా ఏమీ లేదు. 144లో 123 వెతుకులాటల్లో కనీసం ఒక్కసారైనా "దొరికింది" అన్న కబురు వచ్చింది. కుక్క ముక్కుతోపాటు మనిషి నమ్మకం కూడా వాసన పడుతుందన్నమాట. అందుకే ట్రైనర్ చేతిలో కొత్త కుక్క ఎలా ఉందో చూడండి. తోక, చెవులు, నోరు చూడండి. పాఠం మధ్యలో తాడు వదిలేస్తే ఆయన వైపు వస్తుందా, గేటు వైపు పోతుందా? నాకు తెలిసినంతలో దీనికి మించిన సర్టిఫికెట్ లేదు.

హామీ ఇచ్చేవాడి దగ్గర జాగ్రత్త. "పదిహేను రోజుల్లో గ్యారంటీ" అనేవాడు కుక్కకే కాదు, మీకు, మీ పిల్లలకి, మీ వీధి సైకిళ్ళకి కూడా పూచీ పడుతున్నాడు. ఎవరి తరమూ కాదు.

బచేలి లాంటి ఊళ్ళో ఇంకొక ఎర ఉంటుంది: "నెల రోజులు మా దగ్గర వదలండి, తయారుచేసి పంపిస్తాం." రాయపూరో విశాఖపట్నమో పంపాలి. దగ్గరలో మంచివాడు లేనప్పుడు ఇది ఆశగానే ఉంటుంది. కానీ కుక్క ఒక చోట నేర్చినదాన్ని ఇంకో చోటికి సులువుగా మొయ్యదు. ఆ పెరట్లో, ఆ మనిషి దగ్గర కూర్చోవడం నేర్చిన కుక్కకి మీ వరండాలో కూర్చోవడం కొత్త పాఠం. పైగా నెల రోజులు మూసిన గేటు వెనక ఏం జరిగిందో చెప్పడానికి దానికి నోరు లేదు. పోలీసు శిక్షణ అంటే మోజు ఉన్నవాళ్ళు ఆ శిక్షణలోని అసలు సంగతి గమనించరు. దళాల్లో జాగిలాన్ని ఒక్కదాన్నే బడికి పంపరు. దానితో పనిచెయ్యబోయే హ్యాండ్లర్ కూడా తాడు పట్టుకుని పక్కన నిలబడి నేర్చుకుంటాడు. సగం బడి ఆయనకే. పోలీసుల నుంచి తెచ్చుకోవాల్సింది అది. దగ్గరలో ఎవరూ లేకపోతే వీడియో కాల్‌లో మీకు నేర్పేవాడు, దూరాన కుక్కకి నేర్పేవాడి కంటే నయం. నేర్చుకోవాల్సిన అసలు విద్యార్థి ఫోన్ పట్టుకోగలడు కదా.

ఒక మాట ముందే: కుక్క స్వభావం ఉన్నట్టుండి మారితే ట్రైనర్ కంటే ముందు పశువైద్యుడు. తుంటి నొప్పి, చెవిలో చీము, పన్ను పుచ్చడం, ఏదైనా కోపంగా బయటపడవచ్చు. డేనియల్ మిల్స్ బృందం 2020లో వేసిన అంచనా ప్రకారం, ప్రవర్తన బాగాలేదని నిపుణుల దగ్గరికి పంపిన కేసుల్లో తక్కువలో తక్కువ మూడోవంతులో ఏదో ఒక నొప్పి ఉంది. వైద్యుడికి చూపించారా అని అడగని ట్రైనర్ సగం ప్రశ్నలు మరిచిపోయినట్టే.

జాతి గురించి అడిగేవాళ్ళుంటారు. వీధికుక్కకి శిక్షణ ఎక్కుతుందా? మనిషితో మాట కలపడానికి వంశవృక్షం అక్కర్లేదని కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం చాలా ఏళ్ళుగా చూపిస్తోంది. ఎప్పుడూ బెల్టు వెయ్యని వీధికుక్కలు, ముక్కూ మొహం తెలియని మనిషి వేలు చూపిస్తే ఆ వైపు గిన్నె దగ్గరికి వెళ్ళాయి. ఇంకొక ప్రయోగంలో తిండి పెట్టిన మనిషి కంటే తల నిమిరిన మనిషిని త్వరగా నమ్మాయి. సింహాసనం మీద కూర్చోబెట్టినా కుక్క బుద్ధి మారదని శతకకారుడు అన్నాడు గాని, సింహాసనం ఎక్కించేముందు ఎవరైనా తల నిమిరారో లేదో చెప్పలేదు.

బాబాయికి రెండో ట్రైనర్ని వెతకడానికి మూడు నెలలు పట్టింది. చివరికి దొరికినామె దూరపు ఊరి నుంచి వీడియోలోనే పాఠాలు చెప్పింది. మొదటి గంటలో కుక్కని చూడనేలేదట. ఇంట్లో ఎవరెవరు ఏ మాట వాడతారో చెప్పమంది. లెక్క తీస్తే బాబాయి "సిట్" అంటాడు, పిన్ని "కూర్చో" అంటుంది, పనికొచ్చే ఆమె "బైఠ్" అంటుంది, పిల్లలు మూడూ కలిపి అంటారు. కుక్కకి భాషల మధ్య తేడా తెలియదని కాదు. బుడాపెస్ట్‌లో లారా కువాయా బృందం కుక్కల్ని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి స్పానిష్, హంగేరియన్ వినిపిస్తే, తెలిసిన భాషకీ తెలియని భాషకీ వాటి మెదడు వేరువేరుగా పలికింది. కానీ మూడు మాటలకీ ఒకటే అర్థమని దానికి ఎవరు చెప్పారు? "కూర్చో" నిలబెట్టారు. పిన్ని గెలిచింది.

సైకిల్ పాఠం వీధి చివర మొదలైంది, సైకిల్ చిన్నగా కనపడేంత దూరంలో. సైకిల్ కనపడగానే ఉడికించిన కోడిముక్క, బఠాణీ గింజంత. సైకిల్ పోతే ముక్క కూడా ఆగిపోతుంది. మొరగడం గురించి ఎవరూ ఏమీ అనరు. వారం తర్వాత రెండడుగులు దగ్గర. పక్కింటి పిల్లవాడే సైకిల్ తొక్కాడు, వాళ్ళమ్మ ఒప్పుకున్నాక, గేటుకి అవతలి నుంచి. నాలుగు నెలలు పట్టింది. వానాకాలమంతా పాఠం వరండాలో సాగింది.

మొన్న మళ్ళీ వీడియో వచ్చింది. సైకిల్ పోతోంది. ల్యాబ్ సైకిల్‌ని ఒకసారి చూసి, టక్కున తిరిగి బాబాయి ముఖంలోకి చూసింది, సరిగ్గా ఆ మైదానంలో జాగిలం చూసినట్టు. తోక నేలంతా ఊడుస్తోంది. వెనక నుంచి పిన్ని గొంతు వినపడింది: ప్యాంటు జేబుల్లో కోడిముక్కలు పెట్టుకుని ఉతకడానికి వేస్తే ఎవరు కడగాలి అని.